ఎన్ఎస్1 నెగటివ్, ఐజీఎం పాజిటివ్: ఈ రిపోర్టు ఎట్ల చదవాల?

గడియారం_స్తంభం (అనంతపురం)
సోమవారం, ఉదయం 7.40

నాలుగు వానలు పడితే చాలు, మెడికల్ షాపుల ముందర జనం ఫోన్లో రిపోర్టు తీసి "ఇది డెంగ్యూనా, కాదా?" అని అడుగుతాంటారు. రిపోర్టులో జవాబు ఒకటి ఉండదు, మూడుంటాయి. ఒకరిది ఎన్ఎస్1 నెగటివ్, ఐజీఎం పాజిటివ్, ఐజీజీ పాజిటివ్. ఇంకొకరిది ఎన్ఎస్1 ఒక్కటే పాజిటివ్. మూడోవాళ్లది అన్నీ నెగటివ్, ప్లేట్‌లెట్లు మాత్రం 70 వేలు. ల్యాబుల్లో పనిచేసేవాళ్లు ఇక్కడ వివరంగా రాస్తే అందరికీ ఒకచోట దొరుకుతుంది. ఎవరి రిపోర్టులూ, పేర్లూ పెట్టొద్దు, విషయం మాట్లాడుకుందాం.

పెన్నేటి_గట్టు (కడప, ల్యాబ్ టెక్నీషియన్)
సోమవారం, ఉదయం 9.15

రిపోర్టు చూసే ముందు అడగాల్సిన మాట ఒకటే: రక్తం తీసింది జ్వరం వచ్చిన ఎన్నో రోజు? అది తెలియకుండా ఆ మూడు లైన్లకు అర్థం చెప్పలేం.

ఎన్ఎస్1 అనేది వైరస్ తయారుచేసే ప్రోటీను. వైరస్ రక్తంలో తిరుగుతున్నప్పుడే అదీ ఉంటుంది. జ్వరం మొదటి రోజు నుంచే దొరుకుతుంది, అయిదో రోజు దాటితే తగ్గుతూ పోతుంది, వారం దాటినాక దొరికే అవకాశం తక్కువ. ఐజీఎం, ఐజీజీ వైరస్‌వి కావు, మన ఒంట్లో తయారయ్యే యాంటీబాడీలు. ఐజీఎం ముందు వచ్చేది, ఐజీజీ ఏళ్ల తరబడి నిలిచేది. అవి తయారు కావడానికి టైము పడుతుంది. మొదటిసారి డెంగ్యూ వచ్చినవాళ్లలో మూడు నుంచి అయిదు రోజుల మధ్య సగం మందికి, అయిదో రోజుకు 80 శాతం మందికి, పదో రోజుకు దాదాపు అందరికీ (99 శాతం) ఐజీఎం కనిపిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. రెండు వారాలకు గరిష్ఠానికి పోయి, రెండు మూడు నెలల్లో మాయమవుతుంది.

ఇప్పుడు గడియారం అన్న చెప్పిన మూడు రిపోర్టులు చూద్దాం. ఎన్ఎస్1 ఒక్కటే పాజిటివ్ అంటే జ్వరం తొలి రోజులు, యాంటీబాడీలు ఇంకా రాలేదు. రెండో రోజు రిపోర్టైతే అట్లనే ఉండాల, వింతేం లేదు. ఎన్ఎస్1 నెగటివ్, ఐజీఎం పాజిటివ్ అయితే అయిదారు రోజులు దాటిన జ్వరం కావచ్చు. లేదంటే రెండు నెలల కిందట వచ్చి పోయిన డెంగ్యూ తాలూకు ఐజీఎం ఇంకా మిగిలి ఉండి, ఇప్పటి జ్వరం వేరేదేదో కావచ్చు. ఈ రెండో సంగతి చాలామంది మరిచిపోతారు.

అన్నీ నెగటివ్, ప్లేట్‌లెట్లు 70 వేలు అన్నదాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. దాని గురించి కింద ఎవరైనా రాస్తారు, లేకుంటే రాత్రికి నేనే రాస్తా.

ఉగ్గాని_బజ్జీ (కర్నూలు)
సోమవారం, ఉదయం 9.32

ఏందప్పా, పాజిటివ్ వస్తే పాతదేమో అంటిరి, నెగటివ్ వస్తే తేలిగ్గా తీసుకోవద్దంటిరి. మరి టెస్టు ఎందుకు చేయించుకోవాల, చిలక జోస్యం చెప్పించుకుంటే పోలా?

బురుజు_కాడ (కర్నూలు, మైక్రోబయాలజీ)
సోమవారం, మధ్యాహ్నం 1.05

చిలకకు సెన్సిటివిటీ ఎంతో ఎవరూ లెక్కగట్టలేదు బజ్జీ, టెస్టుకు గట్టినారు. తేడా అదే.

టెస్టుకు రెండు గుణాలుంటాయి. జబ్బు నిజంగా ఉన్న 100 మందిలో ఎంతమందిని పట్టుకుంటుందో అది సెన్సిటివిటీ. జబ్బు లేని 100 మందిలో ఎంతమందిని లేదని సరిగ్గా చెబుతుందో అది స్పెసిఫిసిటీ. ఈ రెండూ కిట్టువి. కానీ రిపోర్టు పట్టుకున్న మనిషికి కావాల్సింది వేరే ప్రశ్న: "నాకు పాజిటివ్ వచ్చింది, నిజంగా జబ్బు ఉండే అవకాశం ఎంత?" దీనికి జవాబు కిట్టు డబ్బా మీద ఉండదు. ఆ ఊర్లో, ఆ నెలలో, ఆ లక్షణాలతో వచ్చినవాళ్లలో ఎంతమందికి జబ్బుందో దాన్నిబట్టి మారుతుంది.

లెక్క చేసి చూపిస్తా. సులువు కోసం ఒక కిట్టు సెన్సిటివిటీ 90, స్పెసిఫిసిటీ 95 అనుకుందాం.

అక్టోబరు నెల, డెంగ్యూ జోరుగా ఉంది. జ్వరంతో వచ్చిన 1,000 మందిలో 400 మందికి నిజంగా డెంగ్యూ ఉందనుకోండి. టెస్టు 360 మందిని పట్టుకుంటుంది, 40 మందిని వదిలేస్తుంది. డెంగ్యూ లేని 600 మందిలో 30 మందికి తప్పుగా పాజిటివ్ చూపిస్తుంది. మొత్తం పాజిటివ్‌లు 390, అందులో నిజమైనవి 360. అంటే 92 శాతం నమ్మొచ్చు.

అదే కిట్టు, అదే టెక్నీషియన్, మార్చి నెల. 1,000 మందిలో 20 మందికే డెంగ్యూ. టెస్టు 18 మందిని పట్టుకుంటుంది. లేని 980 మందిలో 5 శాతం, అంటే 49 మందికి తప్పుడు పాజిటివ్. మొత్తం 67 పాజిటివ్‌లలో నిజమైనవి 18. పాజిటివ్ వచ్చిన నలుగురిలో ముగ్గురికి డెంగ్యూ లేనట్టే!

నెగటివ్ సంగతి దీనికి తిరగబడి ఉంటుంది. మార్చిలో నెగటివ్ వచ్చిన 933 మందిలో ఇద్దరికే జబ్బుంటుంది, నిశ్చింతగా నమ్మొచ్చు. అక్టోబరులో నెగటివ్ వచ్చిన 610 మందిలో 40 మందికి డెంగ్యూ ఉంటుంది. అంటే పదిహేను మందిలో ఒకరు. వాళ్లను "నెగటివే గదా" అని ఇంటికి పంపించి, బిళ్ల మింగి పడుకోమంటే ఏమవుతుందో చెప్పక్కరలేదు.

హంద్రీ_ఒడ్డు (కర్నూలు)
సోమవారం, మధ్యాహ్నం 2.20

సార్, కిట్టు కాగితంలో సెన్సిటివిటీ 98, 99 అని రాసి ఉంటాది గదా. మీరు 90 ఎందుకు తీసుకున్నారు?

బురుజు_కాడ
సోమవారం, మధ్యాహ్నం 2.41

లెక్క సులువుగా పోవాలని. ఏ అంకె తీసుకున్నా తీరు మాత్రం ఇదే. ఇక డబ్బాలోని కాగితం గురించి: ఆ అంకెలు కంపెనీ ఎంచుకున్న శాంపిళ్ల మీద వచ్చినవి. జబ్బు గట్టిగా, స్పష్టంగా ఉన్న రక్తం ఒక పక్క, ఆరోగ్యంగా ఉన్న దాతల రక్తం ఇంకో పక్క పెట్టి చేస్తే ఏ కిట్టైనా బాగానే కనిపిస్తుంది. అసలు పరీక్ష ఓపీలో. రెండో రోజు వచ్చేవాళ్లు, ఎనిమిదో రోజు వచ్చేవాళ్లు, మలేరియావాళ్లు, సన్నటి పురుగు కుడితే వచ్చే స్క్రబ్ టైఫస్‌వాళ్లు అందరూ అక్కడ కలిసి ఉంటారు.

ఇంకొకటి. రెండోసారి డెంగ్యూ వచ్చినవాళ్లలో పాత ఐజీజీ వేగంగా పైకి లేస్తుంది. అది ఎన్ఎస్1ను చుట్టేసి టెస్టుకు అందనీయదు. ఐజీఎం కూడా సరిగ్గా రాకపోవచ్చు. కాబట్టి తొలి అయిదు రోజుల్లోనే ఐజీజీ గీత గట్టిగా వచ్చి, మిగతా రెండూ లేకుంటే "పాత డెంగ్యూలే" అని తోసేయకూడదు. అది రెండో దఫా కావచ్చు. ప్రమాదం ఎక్కువ ఉండేది కూడా రెండో దఫాలోనే.

పెన్నేటి_గట్టు
సోమవారం, రాత్రి 8.50

ఇప్పుడు కార్డు టెస్టు, అంటే చుక్కలు వేస్తే గీతలు వచ్చే రాపిడ్ టెస్టు. చాలా తప్పులు వైరస్‌వీ కావు, కిట్టువీ కావు, చేతివి.

కార్డులు ఎక్కువగా 30 డిగ్రీల లోపల ఉంచమని రాసి ఉంటాయి. మే నెలలో మన దగ్గర బయట 42 దాటుతుంది, రేకుల షెడ్డు లోపల ఇంకా ఎక్కువ. అట్లాంటి గదిలో నెల రోజులు పెట్టిన కార్డు సి గీత (కంట్రోల్ గీత) చూపిస్తుంది కానీ బలహీనమైన పాజిటివ్‌ను మింగేస్తుంది. సి గీత వచ్చింది గదా, కార్డు బాగుందిలే అనుకోవద్దు. ద్రవం చివరిదాకా పాకింది అని మాత్రమే సి గీత చెబుతుంది.

ఫ్రిజ్‌లో పెట్టేవాళ్లు దీనికి ఎదురు తప్పు చేస్తారు. చల్లటి పౌచ్‌ను తీసిన వెంటనే చింపితే గాలిలోని తేమ స్ట్రిప్ మీద పడుతుంది. పౌచ్ మూసి ఉండగానే గది వేడికి రానిచ్చి, అప్పుడు చింపాల. చింపినాక వెంటనే వాడాల. లోపలి సిలికా జెల్ పొట్లం రంగు మారి ఉంటే ఆ కార్డు పారేయడమే.

శాంపిల్ సీరం (రక్తం గడ్డ కట్టినాక మిగిలే ద్రవం) అయితే రక్తం పూర్తిగా గడ్డ కట్టాల, అరగంట పడుతుంది. తొందరపడి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే సీరంలో సన్నటి దారాల్లాంటి ఫైబ్రిన్ మిగిలి స్ట్రిప్‌లో అడ్డం పడుతుంది, ద్రవం సగంలో ఆగిపోతుంది. ఎర్రగా విరిగిన రక్తం వాడితే స్ట్రిప్ అంతా ఎరుపెక్కి గీత కనపడదు.

మోతాదు దగ్గర ఇంకో పొరపాటు. ఎన్ఎస్1, యాంటీబాడీ రెండూ ఒకే కార్డు మీదుండే డుయో కిట్లలో ఎన్ఎస్1 పక్క సీరం మూడు చుక్కలు, అంటే సుమారు 100 మైక్రోలీటర్లు. ఇంకో పక్క 10 మైక్రోలీటర్లు మాత్రమే, దాని మీద బఫర్ (కిట్టుతో వచ్చే ద్రవం) నాలుగు చుక్కలు. కంపెనీని బట్టి ఈ అంకెలు మారుతాయి, కాగితం చూసుకోవాల. రెండు పక్కలా ఒకే డ్రాపర్‌తో మూడేసి చుక్కలు వేసేవాళ్లున్నారు. అప్పుడు యాంటీబాడీ పక్క సీరం ఎక్కువై మసక మసకగా గీతలు వస్తాయి.

టైము 15 నుంచి 20 నిమిషాలు. 20 దాటినాక చూడకూడదు. ఆరిపోయే కొద్దీ గీత ఉండాల్సిన చోట బూడిద రంగు నీడ తేలుతుంది. అది పాజిటివ్ కాదు. కానీ టైము లోపల వచ్చిన గీత ఎంత పలచగా ఉన్నా, రంగుతో ఉంటే అది పాజిటివే. "లైట్‌గా ఉంది" అని రాసే రిపోర్టు ఉండకూడదు. ఉంటే పాజిటివ్, లేకుంటే నెగటివ్, సి గీత రాకుంటే ఇన్‌వ్యాలిడ్.

ఉగ్గాని_బజ్జీ
సోమవారం, రాత్రి 9.04

"టైఫాయిడ్ లైట్‌గా ఉంది" అన్నమాట మన జిల్లాల్లో పుట్టిందే గదన్నా! ఎవరికి జ్వరమొచ్చినా డెంగ్యూ రొంత, టైఫాయిడ్ రొంత, మలేరియా రొంత. పులగూర మాదిరి.

బురుజు_కాడ
సోమవారం, రాత్రి 9.30

నవ్వులాట కాదు అది. విడాల్ టెస్టు ఒక్కసారి చేసి టైఫాయిడ్ అని తేల్చడం కుదరదు. టైఫాయిడ్ తిరిగే ప్రాంతాల్లో ఎప్పుడో తగిలిన బ్యాక్టీరియా, వేయించుకున్న టీకా, వేరే ఏదో జ్వరం, వీటిలో ఏదైనా ఆ అంకెను పైకి లేపుతుంది. నిజంగా తేలాలంటే యాంటీబయాటిక్ మొదలుపెట్టక ముందు బ్లడ్ కల్చర్ (రక్తంలోని బ్యాక్టీరియాను పెంచి చూసే టెస్టు) తీయాల.

"డెంగ్యూ ఐజీఎం, స్క్రబ్ ఐజీఎం రెండూ పాజిటివ్" అన్న రిపోర్టులు కూడా వానల తర్వాత వస్తాయి. రెండూ నిజంగా ఉండొచ్చు, అరుదే కానీ ఉంటుంది. ఎక్కువసార్లు ఒకటి నిజం, ఇంకొకటి తప్పుడు గీత. రుమటాయిడ్ ఫ్యాక్టర్ (కీళ్లవాతం వాళ్లలో ఎక్కువగా కనిపించే యాంటీబాడీ) ఉన్న రక్తంలో ఐజీఎం టెస్టులు ఊరికే పాజిటివ్ అవుతాయి. జపనీస్ ఎన్‌సెఫలైటిస్, జికా లాంటి డెంగ్యూ దాయాదుల యాంటీబాడీలు కూడా డెంగ్యూ ఐజీఎంను మోసం చేస్తాయి. స్క్రబ్ అనుమానం ఉంటే ఒళ్లంతా వెతికి చూడాల: చంకలో, గజ్జల్లో, నడుము చుట్టూ కాల్చినట్టుండే నల్లటి పెచ్చు. అది దొరికితే టెస్టు కోసం ఆగకుండా డాక్సీసైక్లిన్ మొదలుపెడతారు. కంటికి కనిపించే పెచ్చు కార్డు గీత కంటే నమ్మకమైన సాక్షి.

గడియారం_స్తంభం
మంగళవారం, ఉదయం 7.10

ఆ మూడో రిపోర్టు మిగిలిపోయింది. అన్నీ నెగటివ్, ప్లేట్‌లెట్లు 70 వేలు.

పెన్నేటి_గట్టు
మంగళవారం, ఉదయం 8.25

మొదట ఆ 70 వేలు నిజమో కాదో చూడాల. ఊదా మూత ట్యూబులో రక్తం గడ్డ కట్టకుండా ఈడీటీఏ ఉంటుంది. కొందరి రక్తంలో దానివల్ల ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అంటుకుని ముద్దలవుతాయి. మెషిన్ ఆ ముద్దను లెక్కపెట్టదు, తక్కువ చూపిస్తుంది. రక్తం తీసేటప్పుడు సూదితో శానాసేపు వెతికినా, ట్యూబు సరిగ్గా కలపకున్నా అంతే. స్లయిడు మీద స్మియర్ వేసి చూస్తే అయిదు నిమిషాల్లో తేలిపోతుంది. ముద్దలు కనిపిస్తే నీలం మూత సిట్రేట్ ట్యూబులో మళ్లీ తీసి, వచ్చిన అంకెను 1.1తో గుణించాల. సిట్రేట్ ద్రవం రక్తాన్ని ఆ మేరకు పలచన చేస్తుంది కాబట్టి.

నిజంగానే 70 వేలుంటే: ప్లేట్‌లెట్లు తగ్గడం డెంగ్యూకు గుర్తు కావచ్చు, రుజువు కాదు. మలేరియాలో తగ్గుతాయి, స్క్రబ్‌లో తగ్గుతాయి, మామూలు వైరల్ జ్వరాల్లోనూ తగ్గుతాయి. కార్డు నెగటివ్ అయినా రెండు మూడు రోజులకు మళ్లీ రక్తం తీసి ఐజీఎం ఎలీసా (కార్డు మీద కాకుండా ల్యాబులో గుంతల ప్లేటులో చేసే టెస్టు) చేయించాల. కార్డు పాజిటివ్‌ను ప్రభుత్వ లెక్కల్లో "బహుశా డెంగ్యూ" (ప్రాబబుల్) కేసుగానే రాసుకుంటారు, నిర్ధారణ అంటే ఎలీసా గానీ పీసీఆర్ గానీ.

అంతవరకూ కంటికి కనిపించేవి చూసుకోవాల: విడవని కడుపు నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మగత, ఉచ్చ తగ్గడం. ఇవి ఎక్కువగా జ్వరం దిగినాక ఒకటి రెండు రోజుల్లో వస్తాయి. జ్వరం తగ్గింది గదా అని అందరూ ఊపిరి పీల్చుకునే టైములో. ప్లేట్‌లెట్ల అంకె కంటే పీసీవీ (రక్తంలో ఎర్రకణాల శాతం) ఎంత పెరుగుతోందో డాక్టరు ఎందుకు చూస్తారంటే, రక్తనాళాల నుంచి నీరు కారుతోందని అదే ముందు చెబుతుంది. నొప్పికి డైక్లోఫెనాక్ సూది వేయించుకోవద్దు, పారాసెటమాల్ ఒక్కటే.

చిత్రావతి_గాలి (అనంతపురం, పీసీఆర్ ల్యాబు)
మంగళవారం, మధ్యాహ్నం 12.15

ఎలీసా గురించి రొంత చేరుస్తా, ఎందుకంటే "ఎలీసా చేయించినాం, ఇక తిరుగులేదు" అనుకునేవాళ్లు ఎక్కువ.

ఎలీసా రిపోర్టులో పాజిటివ్, నెగటివ్ మధ్య ఇంకో గది ఉంటుంది: ఈక్వివోకల్, లేదా బార్డర్‌లైన్. బాగా వాడుకలో ఉన్న ఒక కిట్టులో 9 యూనిట్ల లోపు నెగటివ్, 11 దాటితే పాజిటివ్, మధ్యలోది తేల్చలేనిది. 8.9 వచ్చిన మనిషికీ 11.1 వచ్చిన మనిషికీ ఒంట్లో ఉన్న తేడా చాలా స్వల్పం, కాగితం మీద మాత్రం ఒకరు నెగటివ్, ఒకరు పాజిటివ్. అందుకే అంకె కూడా రిపోర్టులో రాయమని అడగండి. ఉత్త "పాజిటివ్" అన్న ముక్క చాలదు.

పని చేసేచోట ఏం తప్పుతుంది? సీరంను 1:100 పలచన చేయాల, అంటే 10 మైక్రోలీటర్లకు 990 బఫర్. పిపెట్ కొన బయట అంటుకున్న సీరం తుడవకుండా ముంచితే ఆ 10 కాస్తా 12, 13 అవుతుంది. కడగడం ఇంకా పెద్ద సమస్య. ప్లేటును కాగితం మీద గట్టిగా కొట్టి ఖాళీ చేయకుంటే గుంతలో మిగిలిన ఎంజైమ్ రంగు తెస్తుంది, నెగటివ్ అంతా పసుపెక్కుతుంది. ప్లేటు అంచు గుంతలు మధ్యవాటికంటే ముందు వేడెక్కుతాయి, అక్కడ అంకెలు పక్కకు జరుగుతాయి. స్టాప్ ద్రావణం వేసినాక 450 నానోమీటర్ల దగ్గర వెంటనే చదవాల. టీకి పోయి వచ్చి చదివితే అంకె మారుతుంది.

కంట్రోల్ గుంతలు (జవాబు ముందే తెలిసిన శాంపిళ్లు వేసినవి) కిట్టు చెప్పిన హద్దులో లేకుంటే ఆ ప్లేటు మొత్తం చెల్లదు. ఒక్క శాంపిల్ కాదు, మొత్తం.

హంద్రీ_ఒడ్డు
మంగళవారం, మధ్యాహ్నం 12.50

పీసీఆర్ అయితే ఈ తలనొప్పులు ఉండవు గదా మేడమ్?

చిత్రావతి_గాలి
మంగళవారం, మధ్యాహ్నం 1.30

వేరే తలనొప్పులుంటాయి.

పీసీఆర్ వైరస్ జన్యువును వెతుకుతుంది. ఒక్కో సైకిల్‌కు అది రెట్టింపవుతుంది. ఎన్నో సైకిల్లో గుర్తు కనిపించిందో అదే సీటీ విలువ. సీటీ 20 అంటే వైరస్ ఎక్కువ, 34 అంటే చాలా తక్కువ. సుమారు 3.3 సైకిళ్ల తేడాకు పది రెట్లు. కోవిడ్ టైములో 35 కంటే తక్కువైతే పాజిటివ్ అని ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) గీత గీసింది. సీటీని బట్టి జబ్బు తీవ్రత చెప్పకూడదని కూడా అదే చెప్పింది. స్వాబ్ ముక్కు వెనక్కు పోకుండా రంధ్రం అంచునే తిప్పి తీస్తే వైరస్ దండిగా ఉన్న మనిషికీ సీటీ 33 వస్తుంది. అది జబ్బు తక్కువై కాదు, స్వాబ్ సరిగ్గా తీయక.

మంచి కిట్టులో మనిషి జన్యువును కూడా వెతుకుతారు, ఎక్కువగా ఆర్‌నేజ్ పీ. అది కూడా రాలేదంటే స్వాబ్ పుల్ల మీద మనిషి కణాలే లేవన్నమాట. ఆ రిపోర్టు నెగటివ్ కాదు, ఇన్‌వ్యాలిడ్. దాన్ని నెగటివ్‌గా రాసి పంపితే తప్పు ల్యాబుది. పుల్ల కూడా ముఖ్యం: నైలాన్, డాక్రాన్ కొన ఉండాల. కట్టె పుల్ల, దూది కొన, కాల్షియం ఆల్జినేట్ పనికిరావు, అవి పీసీఆర్‌నే ఆపేస్తాయి. వీటీఎం (స్వాబ్ ముంచి పంపే ద్రవం) గొట్టం 2 నుంచి 8 డిగ్రీల్లో పంపాల, మూడు రోజులు దాటేట్టుంటే మైనస్ 70లో. ఐస్ జెల్ కరిగిన డబ్బాలో మధ్యాహ్నపు బస్సుకు వేసి పంపిన శాంపిల్‌లో ఆర్ఎన్ఏ ముక్కలై ఉంటుంది.

ఇక ఎదురు పక్క. పీసీఆర్ చచ్చిన వైరస్ ముక్కలనూ చూపిస్తుంది. కోవిడ్ తగ్గినాక వారాల తరబడి పాజిటివ్ రావడం అందుకే, మామూలు కేసుల్లో అంటించే వైరస్ పది రోజులకే దాదాపు పోయుంటుంది. యాంటిజెన్ కార్డు దీనికి సరిగ్గా తలకిందులు: వైరస్ దండిగా ఉంటేనే పట్టుకుంటుంది. లక్షణాలున్న మనిషికి కార్డు నెగటివ్ వస్తే పీసీఆర్ చేయాలని 2020 జూన్‌లో ఐసీఎంఆర్ రూలు పెట్టింది ఈ కారణంతోనే. కార్డు పాజిటివ్‌కు మళ్లీ టెస్టు అక్కర్లేదంది. ఫ్లూ కార్డులు ఇంకా బలహీనం, నిజంగా ఫ్లూ ఉన్నవాళ్లలో 50 నుంచి 70 శాతాన్నే పట్టుకుంటాయి.

డెంగ్యూకు పీసీఆర్ తొలి అయిదు రోజుల్లోనే ఉపయోగం. ఎనిమిదో రోజు చేయించి డబ్బులు పోగొట్టుకోవద్దు, నెగటివ్ వచ్చినా డెంగ్యూ లేనట్టు కాదు.

తెల్లకోటు_కాదు (కడప)
మంగళవారం, సాయంత్రం 6.20

చికున్‌గన్యా కూడా ఇట్లనేనా? కీళ్ల నొప్పులున్న ప్రతి ఒక్కరికీ ఐజీజీ పాజిటివ్ అని వస్తాంది.

బురుజు_కాడ
మంగళవారం, సాయంత్రం 6.45

2005–06లో చికున్‌గన్యా రాయలసీమను ఊపేసింది. ఆనాడు పడ్డవాళ్లకు ఐజీజీ ఏళ్ల తరబడి ఉండొచ్చు. ఇప్పటి మోకాళ్ల నొప్పికి ఆ ఐజీజీకి సంబంధం అంటగట్టకూడదు, ముసలితనపు అరుగుదల కావచ్చు, రుమటాయిడ్ కావచ్చు. కొత్తగా వచ్చిందా అని తెలియాలంటే ఐజీఎం, అదీ అయిదో రోజు దాటినాక. ఆ ఐజీఎం కూడా నెలల పాటు నిలవొచ్చు.

మొల్ల_పూలు (కడప, కౌన్సెలర్)
బుధవారం, ఉదయం 10.05

జ్వరాల గురించే నడుస్తోంది, అసలు మనుషులు కుప్పకూలిపోయేది "హెచ్ఐవీ రియాక్టివ్" అన్న కాగితం చూసి. ఆపరేషన్‌కు ముందు, కాన్పుకు ముందు అందరికీ చేస్తారు కాబట్టి ఇది తెలిసి ఉండాల.

రియాక్టివ్ వేరు, పాజిటివ్ వేరు. ఒక కిట్టు మీద గీత వస్తే అది రియాక్టివ్. హెచ్ఐవీ పాజిటివ్ అని చెప్పాలంటే ఐసీటీసీలో (ప్రభుత్వ హెచ్ఐవీ పరీక్షా కేంద్రంలో) వేర్వేరు పద్ధతుల మూడు కిట్లతో చేసి మూడూ రియాక్టివ్ రావాల. లక్షణాలు లేనివాళ్లకు నాకో (జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ) పెట్టిన పద్ధతి అది. రెండు వచ్చి ఒకటి రాకుంటే ఇండిటర్మినేట్ అని రాసి, 2 నుంచి 4 వారాల్లో మళ్లీ రక్తం తీస్తారు.

ఎందుకంత జాగ్రత్త అంటే బురుజు సార్ లెక్కే. 10,000 మంది గర్భిణులలో 10 మందికి ఉందనుకోండి. కిట్టు ఆ 10 మందినీ పట్టుకుంటుంది. స్పెసిఫిసిటీ 99.5 అయినా మిగతా 9,990 మందిలో సుమారు 50 మందికి తప్పుడు గీత వస్తుంది. రియాక్టివ్ వచ్చిన ప్రతి ఆరుగురిలో అయిదుగురికి హెచ్ఐవీ లేదు. ఆ మొదటి కాగితం పట్టుకుని ఇంట్లో గొడవపడితే కాపురాలే కూలిపోతాయి. ఆ కాగితం భర్తకో అత్తకో ల్యాబువాళ్లు చూపించడమే తప్పు. 2017 హెచ్ఐవీ ఎయిడ్స్ చట్టం 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది, ఒప్పుకోలు లేకుండా టెస్టు చేయడానికీ, ఫలితం బయటపెట్టడానికీ వీల్లేదు.

నెగటివ్‌కు కూడా గడువుంది. అనుమానపు సంఘటన జరిగిన పదో రోజు కార్డు చేయించుకుని నెగటివ్ అని సంబరపడకూడదు. యాంటీబాడీ కార్డుకు మూడు నెలలు. యాంటిజెన్, యాంటీబాడీ రెండూ చూసే నాలుగో తరం ల్యాబు టెస్టుకు 45 రోజులు. సంఘటన జరిగి 72 గంటలు దాటకుంటే టెస్టు కోసం ఆగొద్దు, పెద్దాసుపత్రికి పోయి పెప్ మందులు (వైరస్ ఒంట్లో నాటుకోకుండా ఆపేవి) అడగండి, 28 రోజులు వాడాల.

తల్లికి హెచ్ఐవీ ఉంటే బిడ్డకు 18 నెలల వరకు యాంటీబాడీ టెస్టు పాజిటివ్ రావచ్చు, అది తల్లి యాంటీబాడీ. బిడ్డకు ఆరు వారాలకు మడమ నుంచి రక్తపు చుక్కలు తీసి పీసీఆర్ చేస్తారు. ఏ సందేహమున్నా 1097, ఉచితం.

హంద్రీ_ఒడ్డు
బుధవారం, ఉదయం 11.30

హెపటైటిస్ బీ కూడా అట్లనే మూడుసార్లా మేడమ్? హెచ్‌బీఎస్ఏజీ (బీ వైరస్ పైపొర యాంటిజెన్) వస్తే పచ్చకామెర్ల మందు పోయించుకోమంటారు ఊర్లో.

బురుజు_కాడ
బుధవారం, మధ్యాహ్నం 1.40

ముందు చెట్ల మందు ఆపేయండి. కాలేయం మీద ఇంకో దెబ్బ అది.

హెచ్‌బీఎస్ఏజీ కార్డు పాజిటివ్ వస్తే వేరే పద్ధతిలో, అంటే ఎలీసాతోనో సీఎల్ఐఏ (మెషిన్ మీద చేసే టెస్టు)తోనో నిర్ధారించుకోవాల. బీ టీకా వేసుకున్న కొత్తల్లో, సుమారు 18 రోజుల వరకు, టీకాలోని యాంటిజెనే టెస్టులో పాజిటివ్ చూపించగలదు. కాబట్టి ఈ మధ్య టీకా పడిందా అని అడగాల. ఆరు నెలలు దాటినా పాజిటివ్‌గానే ఉంటే దీర్ఘకాలికం. అప్పుడు హెచ్‌బీవీ డీఎన్ఏ (రక్తంలో వైరస్ ఎంతుందో), ఏఎల్‌టీ (కాలేయం దెబ్బతింటే పెరిగే ఎంజైమ్) చూసి మందు కావాలా వద్దా తేలుస్తారు. అందరికీ మందు అక్కర్లేదు.

ఇక్కడ "పాజిటివ్" అన్నమాట అడ్డం తిరుగుతుంది చూడండి. యాంటీ-హెచ్‌బీఎస్ పాజిటివ్ అంటే మంచిది, రక్షణ ఉందని. 10 యూనిట్లు దాటితే చాలు. హెచ్‌బీఎస్ఏజీ పాజిటివ్ అంటే వైరస్ ఉందని. రెండు పేర్లూ ఒకేలా ఉంటాయి, తెలియక ఏడ్చేవాళ్లున్నారు. తల్లికి హెచ్‌బీఎస్ఏజీ ఉంటే బిడ్డకు పుట్టిన 12 గంటల్లోపు టీకా, ఇమ్యునోగ్లోబ్యులిన్ (తయారుగా ఉన్న యాంటీబాడీల సూది) రెండూ పడాల.

హెపటైటిస్ సీ ఇంకో తీరు. యాంటీ-హెచ్‌సీవీ పాజిటివ్ వచ్చినవాళ్లలో కొందరికి వైరస్ దానంతటదే పోయి ఉంటుంది. మందు వాడి నయమైనా ఆ యాంటీబాడీ జీవితాంతం పాజిటివ్‌గానే ఉంటుంది. అందుకే హెచ్‌సీవీ ఆర్ఎన్ఏ చూస్తేనే అర్థం. ఆర్ఎన్ఏ ఉంటే చాలామందికి 12 వారాల బిళ్లలు, 2018లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద ఉచితం.

చిత్రావతి_గాలి
బుధవారం, మధ్యాహ్నం 2.15

ఒక చిన్న మాట. జుట్టు రాలకుండా మింగే బయోటిన్ బిళ్లలు 5, 10 మిల్లీగ్రాములవి ఉంటాయి. కొన్ని మెషిన్లలోని టెస్టులు బయోటిన్, దాన్ని గట్టిగా పట్టుకునే స్ట్రెప్టావిడిన్ అనే ప్రోటీను, ఈ జత మీద పనిచేస్తాయి. రక్తంలో బయోటిన్ ఎక్కువుంటే యాంటిజెన్‌ను పట్టుకునే టెస్టులు తప్పుగా తక్కువ చూపిస్తాయి. రక్తం ఇచ్చే ముందు ఆ సంగతి ల్యాబులో చెప్పండి, వాళ్లు అడగరు.

ఉగ్గాని_బజ్జీ
బుధవారం, సాయంత్రం 5.50

చిలకజోస్యం మాట వెనక్కి తీసుకుంటాండ. ఆఖరు ప్రశ్న: పొద్దున చేసిన కార్డు దాచిపెట్టి సాయంత్రం డాక్టరుకు చూపించొచ్చునా? ల్యాబువాళ్లు గీత పలచగా ఉందంటారు, డాక్టరు చూస్తాననంటాడు.

పెన్నేటి_గట్టు
బుధవారం, సాయంత్రం 6.10

కుదరదు బజ్జీ. సాయంత్రానికి నెగటివ్ కార్డు మీద కూడా బూడిద గీత తేలుతుంది. 15 నిమిషాలకు కార్డును తెల్ల కాగితం మీద పెట్టి, పక్కన గడియారం కనిపించేట్టు ఫోటో తీసిపెట్టమనండి. కార్డు మీద పేరు, రక్తం తీసిన టైము పెన్నుతో రాసి ఉండాల, అవి కూడా ఫోటోలో పడాల. జ్వరం ఎన్నో రోజో కూడా ఆ కాగితం మీదనే రాస్తే డాక్టరు ఫోన్ చేసి అడిగే పని తప్పుతుంది.